ఇంటి నెట్ వేగానికి అడ్డు ఎక్కడ?

200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా వేగం 95 దగ్గరే ఆగిపోతోందా? అయితే ముందు కంపెనీవాళ్లు బిగించిన మోడెమ్‌ను చూడండి. వీధిలోంచి వచ్చే ఫైబర్ గిగాబిట్ల వేగాన్ని మోయగలదు. కానీ కొన్ని చౌక మోడెమ్‌లలో ల్యాన్ పోర్టు సామర్థ్యమే 100 ఎంబీపీఎస్. అందులోనూ మన చేతికొచ్చేది దాదాపు 95. పోర్టు గిగాబిట్‌దే అయినా, ల్యాన్ కేబుల్లోని ఎనిమిది తీగలూ సరిగా కలవకపోతే వేగం మళ్లీ వందకే పడిపోవచ్చు. ఈ సంగతి చాలామంది గమనించరు. ఇక వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంటే, అపార్టుమెంట్లలో పక్కిళ్ల సిగ్నళ్ల రద్దీ కూడా తోడవుతుంది.

అందుకే గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్‌ను మంచి కేబుల్‌తో మోడెమ్‌కు కలిపి వేగం కొలవండి. అప్పుడూ 95 దాటకపోతే, గిగాబిట్ పోర్టు, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్న మోడెమ్ ఇమ్మని గట్టిగా అడగండి.