ద్వీపనగరమున సొంత ఇల్లు



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని తెలుగునాట సామెత కలదు. గోదావరి తీరమునందో, కృష్ణ కాలువ గట్టునందో ఇల్లు కట్టదలచినవానికి చాలవరకు స్థలము ముందుగనే యుండును. ధనము సమకూర్చుకొనుటయు, మేస్త్రీలను వెదకుకొనుటయు, ముహూర్తమునకు పని ముగించుటయు వాని కష్టములు. ముంబయి ద్వీపమున కష్టము అంతకు ముందే మొదలగును. ఇచ్చట మొట్టమొదట లేనిది స్థలమే. అందుచేత ఈ నగరమున ఇల్లు అనగా నేమి, దానికి యజమాని అనగా నెవరు అను ప్రశ్నలకు సమాధానములు తెలుగునాటి సమాధానముల వంటివి కావు. ఉద్యోగధర్మముచేత ఇచ్చటికి వచ్చి, ముప్పది యేండ్లు క్వార్టర్సులలో కాపురముండి, ఒకనాడు తాళము చెవి అప్పగించి వెడలవలసిన కుటుంబములు ఈ ప్రశ్నలను ముందుగా విచారించుకొనుట యెంతయు అవసరము.

ఈ నగరము ఒకప్పుడు ఏడు దీవులు. కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజగాఁవ్, పరేల్, వర్లీ, మాహిం అని వాని పేర్లు. 1661 నాటి వివాహపు ఒడంబడిక ననుసరించి పోర్చుగీసువారు దీనిని ఇంగ్లండు రాజునకు కట్నముగా నొసంగిరి. ఆ రాజు 1668లో ఏడాదికి 10 పౌనుల కౌలునకు దీనిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. ఈనాడు లోకమున మిక్కిలి ఖరీదైన నేలలలో నొకటిగా ఎన్నబడు ఈ చోటు ఆనాడు అంత చౌక. తరువాత 18వ శతాబ్దపు చివరి భాగమున వర్లీ వద్ద సముద్రపు పోటు లోనికి చొరబడు గండి పూడ్చబడెను. 1845లో మాహిం, బాంద్రాల నడుమ కట్ట వెలసెను. చెరువులు, ఉప్పు పఱ్ఱలు, బురదమడుగులు క్రమముగా నేలయైనవి. ఇంతచేసినను కొలాబా మొదలు మాహిం, సయాన్ వరకు గల మూలద్వీపము 70 చదరపు కిలోమీటర్లకు లోపే.

ఈ నేలను సముద్రమునుండి పైకి తీసినవారిలో తెలుగువారును గలరు. నిజాము రాజ్యమునుండి వచ్చి కూలిపనులయందును, కట్టడపు పనులయందును పాల్గొన్న తెలుగు కామాఠీలు పూడ్చిన పల్లపు భూమిలో కాపురములు పెట్టిరి. కామాఠీపురమను పేరు వారివలన వచ్చినదే. తరువాత తెలంగాణమునుండి పద్మశాలీలు నూలుమిల్లులకు వచ్చి మగ్గములు నడిపిరి. ఊరు కట్టినవారికి ఆ ఊరిలో జానెడు నేలయైనను స్వంతము కాలేదు. వారి కాపురము చాల్ అనబడు కట్టడములోని ఒక్క గది. పొడవైన వసారా, దాని వెంట వరుసగా గదులు, అంతస్తుకు ఉమ్మడి మరుగుదొడ్లు. ఆ గదియే పడకటిల్లు, వంటిల్లు, పురిటిల్లు.

1896లో ప్లేగు చెలరేగినప్పుడు ఈ ఇరుకు బ్రతుకు ఎంత ప్రమాదమో పాలకులకు తెలిసివచ్చెను. 1898లో నగర సంస్కరణ ట్రస్టు ఏర్పడెను. దాదరు, మాటుంగా ప్రాంతములలో విశాలమైన వీధులు, తోటలు, ఇండ్ల స్థలములు ఆ ట్రస్టు యేర్పాటువలననే వచ్చినవి. 1920లో ఏర్పడిన అభివృద్ధి శాఖవారు వర్లీ, నాయ్‌గాఁవ్, డిలైల్ రోడ్డు, శివ్డీలలో 207 చాళ్లను కట్టించిరి. ఒక్కొక్క దానియందు 80 గదులు. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. నూరేండ్ల పాటు ఆ గదులలో తాతలు, తండ్రులు, మనుమలు జీవించిరి. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల క్రొత్త ఇండ్ల తాళములు అందెను. అంతవరకు ఎదురుచూచిన తరములెన్నియో లెక్కించుకొన్నచో, ద్వీపమున ఇల్లనగా ఎంతటి ఓర్పుతో కూడినదో బోధపడును.

ఇక అద్దె ఇండ్ల సంగతి. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టము అద్దెలను దాదాపుగ 1940 నాటి స్థాయియందే నిలిపివేసెను. యుద్ధము, దేశవిభజన కారణముగా జనము వెల్లువయై వచ్చినప్పుడు బీదవారిని, మధ్యతరగతివారిని వీధిపాలు కాకుండ కాపాడిన చట్టమది. ఆ మేలును మరువరాదు. కాని దాని వెంట రెండు పరిణామములు వచ్చినవి. అద్దె చాలక యజమానులు మరమ్మతులు మానిరి. అద్దె హక్కే ఆస్తియై, పగడీ అను పేరుతో చేతులు మారసాగెను. పగడీ ఇచ్చినవాడు పూర్తిగా యజమాని కాడు, పూర్తిగా అద్దెదారుడును కాడు. 1969లో మరమ్మతులకొరకు ప్రత్యేకముగా ఒక బోర్డును ఏర్పరుపవలసి వచ్చెను. దాని ఆధీనములోనికి వచ్చిన పాత భవనములు 19 వేలకు పైబడినవి. 1999 నాటి క్రొత్త చట్టము 2000 మార్చి 31 నుండి అమలునకు వచ్చి, ఏడాదికి నూటికి 4 వంతున అద్దె పెంచుకొనుటకు వీలు కల్పించెను. అప్పటికే ఎన్నో గోడలు బీటలు వారినవి. 2013 సెప్టెంబరులో మజగాఁవ్‌లో పురపాలకోద్యోగుల కుటుంబములు నివసించుచున్న భవనము కూలి 61 మంది మరణించిరి. 2017 ఆగస్టులో భేండీబజారున మరియొక పాత భవనము కూలి 33 మంది మరణించిరి. మంచి పేటలో ఇల్లున్నది, అద్దె చౌక అని సంతసించుటకు ముందు పైకప్పును, స్తంభములను చూడవలెనని ఈ దుర్ఘటనలు చెప్పుచున్నవి.

భూమి కొనలేనివారు పదిమంది కలిసి కొనవచ్చునను ఆలోచన ఈ నగరమునకు మేలు చేసెను. 1915లో గాందేవిలో సారస్వతులు సహకార గృహనిర్మాణ సంఘమును స్థాపించిరి. దేశములోని సహకార గృహసంఘములకు అది మార్గదర్శకమయ్యెను. తరువాత సముద్రమును పూడ్చిన బాక్‌బే ప్రాంతమున మెరీన్ డ్రైవు వెంబడి ఫ్లాటుల వరుసలు లేచినవి. అచ్చటి కట్టడముల శోభకు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవము లభించెను. ఫ్లాటు అమ్మకములు పెరిగిన కొలది మోసములును పెరిగినవి. అందుచే 1963లో మహారాష్ట్ర ప్రభుత్వము ఫ్లాటుల యాజమాన్య చట్టమును చేసెను.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును గుర్తింపవలెను. తెలుగునాట దస్తావేజు చేతికి వచ్చినచో నేలయు, గోడయు, పెరటి బావియు ఒక్కసారి స్వంతమగును. ఇచ్చట ఫ్లాటు కొన్నవానికి సాధారణముగా దక్కునది ఒప్పందపత్రము, సొసైటీ సభ్యత్వము, షేర్ సర్టిఫికెట్. నేల సొసైటీ పేర మారవలెను. ఆ మార్పును కన్వేయన్స్ అందురు. కట్టించినవాడు ఆ దస్తావేజు వ్రాయకున్నచో, గోడలు సభ్యులవియై నేల మాత్రము పరులదిగా మిగిలిపోవును. భవనము పాతబడి తిరిగి కట్టుకొనవలసినప్పుడు ఈ లోపము బయటపడును. కట్టించినవాడు ముఖము చాటువేసినను సొసైటీ దరఖాస్తుపై అధికారి ఆ హక్కును ధ్రువపరచునట్లు 2008లో చట్టము సవరింపబడెను. ద్వీపమున ఎన్నియో భవనములు లీజు భూములపై నున్నవి. లీజు గడువు ఎప్పుడు ముగియునో తెలియక కొనువాడు పంట ఎవరిదో తెలియక దుక్కి దున్నినవానితో సమానుడు.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము కొనుగోలుదారునకు మరికొంత రక్షణ నిచ్చెను. రిజిస్టరు చేసిన ఒప్పందము లేకుండ వెలలో పదవ వంతునకు మించి తీసికొనరాదు. కొనుగోలుదారుల సొమ్ములో నూటికి 70 వంతులు ఆ కట్టడపు పనికే వేరు ఖాతాలో ఉంచవలెను. గోడల లోపలి వాడుక స్థలము, అనగా కార్పెట్ ఏరియా, ఎంతో స్పష్టముగా చెప్పవలెను. ఈ మూడింటిని అడుగుటకు కొనువాడు సంకోచింపకూడదు.

సభాసదులారా, చట్టము ఎంత మంచిదైనను అది సొమ్ము నీయదు. కేంద్రప్రభుత్వోద్యోగికి గృహనిర్మాణపు అడ్వాన్సు కలదు. 2017 నాటి నిబంధనల ననుసరించి దాని హద్దు 34 నెలల మూలవేతనము లేక 25 లక్షల రూపాయలు, ఏది తక్కువైన నది. మూలవేతనము 50 వేలున్న ఉద్యోగికి అది 17 లక్షలగును. ద్వీపములో చిన్న ఫ్లాటు వెలకును ఈ మొత్తమునకును గల దూరము అందరెరిగినదే. ఈ దూరమును తలచుకొని చాలమంది ఇంటిమాటనే వాయిదా వేయుదురు. అంటాప్ హిల్‌లోనో, మరియొక కాలనీలోనో క్వార్టర్సు ఉన్నది; బడి దగ్గర, మార్కెట్టు దగ్గర, రైలు దగ్గర. పిల్లలు పెరుగుదురు, పండుగలు జరుగును, ఏండ్లు గడచును. ఉద్యోగ విరమణకు రెండేండ్లు మిగిలినప్పుడు గృహిణి “మనము ఎక్కడికి పోవుదము?” అని అడుగును. అప్పటికి అప్పు తీర్చుటకు నెలలు చాలవు, బ్యాంకులును వెనుకాడును.

కావున ఈ ప్రశ్న ఉద్యోగపు తొలి పదేండ్లలోనే పుట్టవలెను. సమాధానము ద్వీపములోనే దొరకవలెనను నియమము లేదు. 1970లో సిడ్కో ఏర్పడి సముద్రపు పాయకు ఆవల నవీ ముంబయి నిర్మాణమునకు పూనుకొనెను. 1973లో వాశీ వంతెన, 1992లో వాశీకి రైలు, 2024 జనవరిలో శివ్డీ నుండి 21.8 కిలోమీటర్ల అటల్ సేతువు వచ్చినవి. 1990లో ఏర్పడిన కేంద్రప్రభుత్వోద్యోగుల గృహసంక్షేమ సంస్థ నెరూల్, ఖార్‌ఘర్‌లలో ఇండ్లు కట్టించెను. ద్వీపవాసులే వెలుపలికి తరలుచున్నారు. ముంబయి నగర జిల్లా జనసంఖ్య 2001లో 33.38 లక్షలుండగా 2011లో 30.85 లక్షలకు తగ్గినది. దూరము పోయిన కుటుంబము ఓడిపోయిన కుటుంబము కాదు. రైలులో గడచు గంటలు నష్టమే. కాని రెండు గదులు, గాలి, వెలుతురు, తన పేర నొక తలుపు లాభము.

స్వస్థలమునకు తిరిగి పోవువారును గలరు. వారొక సంగతి యోచింపవలెను. ఇచ్చట పుట్టిన పిల్లలు ఇచ్చటనే ఉద్యోగములలో నిలిచినచో, అచ్చట కట్టిన మేడకు తాళమును, ఇచ్చట కుమారుని ఇంట ఒక మూలయు వృద్ధులకు మిగులును. అట్లుగాక బంధువులు, పొలము, ఆరోగ్యము అనుకూలించినచో స్వస్థలమే సుఖము. ఏది మేలో ప్రతి కుటుంబమును భార్యాభర్తలు కలిసి కూర్చుండి నిర్ణయించుకొనవలెను గాని, పొరుగువాని ఫ్లాటు చూచి కాదు. దూరపు కొండలు నునుపు.

“ఇల్లలుకగనే పండుగ కాదు.” కొన్న పిదప సొసైటీకి నెలనెలా చెల్లింపు కలదు, లిఫ్టు, నీటి పంపు, మరమ్మతుల నిధి కలవు. ఆ ఖర్చు పింఛనులో ఇముడునా యని ముందే లెక్కింపవలెను. వీలైనంతవరకు ఇల్లు దంపతులిద్దరి పేర నుండుట మేలు. నామినేషను వ్రాసితిమి గదా యని నిశ్చింతగా నుండరాదు. నామినీ సొసైటీ దృష్టిలో వారసుల తరఫున నుండు ధర్మకర్త మాత్రమే. హక్కులు వారసత్వ న్యాయము ననుసరించి సంక్రమించును. ఒక్క వీలునామా లేనికారణమున తోబుట్టువులు కోర్టుల మెట్లెక్కిన ఉదాహరణములు ప్రతి పేటలోను గలవు. ఇంటి పెద్ద కన్నుమూసిన పదమూడవనాడు కాగితములు వెదకుకొనవలసిన దుస్థితి ఏ ఇల్లాలికిని కలుగకూడదు. ఏ దస్తావేజు ఏ పెట్టెలో నున్నదో ఆమెకు నేడే తెలిసియుండవలెను.

ఇట్టి విషయములలో సాంస్కృతిక సంఘములకును కర్తవ్యము కలదు. ఉగాదికి పంచాంగ శ్రవణము జరుపునట్లే, ఏడాదికొకనాడు సభ్యులు తమ ఇండ్ల కాగితములు తెచ్చి, న్యాయము తెలిసినవారి యెదుట చదివించుకొను సాయంకాలము నొకదానిని ఏర్పాటు చేయవచ్చును. పదవీ విరమణ పొందిన పెద్దలు తమ అనుభవమును చిన్నవారికి చెప్పవచ్చును. ఇందుకు కావలసినది కొన్ని కుర్చీలు, కొంత కాఫీ, రెండు గంటల తీరిక. వచ్చు ఉగాది లోపల అట్టి సాయంకాలము ఒకటి జరుగుగాక, ఈ సంఘమున ఏ కుటుంబమును చివరి జీతపునాడు ఎక్కడికి పోవుదుమని తల్లడిల్లకుండుగాక.

స్వస్తి.