లియాన్ వెండి, నల్లగొండ మట్టి

రోమ్‌కు మన మిరియాలు, సన్నబట్టలు ఎట్లా పోయాయో బడి పుస్తకాల్లో చదివిందే కాబట్టి ఆ జోలికి పోను. నాకు ప్రాణమైన ఒక పాత పుస్తకం ముచ్చట చెబుతాను.

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో గియోమ్ దు షూల్ అనే పండితుడు ఉండేవాడు. ప్రాచీన రోమన్ల మతం మీద ఆయన రాసిన గ్రంథం 1556లో ఆ ఊళ్లోనే అచ్చయింది. పేజీలు తిప్పుతుంటే చెక్కదిమ్మెలతో అచ్చొత్తిన నాణేల బొమ్మలు, వాటిమీద దేవతలు, గుళ్లు. నాణెం మీది బొమ్మను సాక్ష్యంగా నిలబెట్టి దేవుళ్ల గురించి చెప్పాడాయన. ఆ పద్ధతే నన్ను కట్టిపడేసింది. మూడేళ్లకే ఇటాలియన్‌లోకీ వెళ్లిందా పుస్తకం.

అదే పద్ధతిలో నాణేలను చూడటానికి ఇక మన నల్లగొండకు వద్దాం. ఈ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలం నాటివి. ఇట్లాంటివి దొరికితే మనవాళ్లు లంకెబిందెలంటారు, ఏ రాజో దాచాడంటారు. నేనైతే బేరసారాలు చేసే షావుకారు సొమ్మనే అనుకుంటాను.

మన దక్షిణాదిలో విరివిగా దొరికే టైబీరియస్ నాణేన్ని భూతద్దం కింద చూడండి. మన రూపాయి బిళ్లకన్నా చిన్నది. ఒకవైపు చక్రవర్తి తల, చుట్టూ 'దైవమైన అగస్టస్ కుమారుడు' అన్న బిరుదు. రెండోవైపు పీఠం మీద కూర్చున్న స్త్రీ. ఒక చేత పొడుగాటి రాజదండం, ఇంకో చేత ఆకుల రెమ్మ. చూడగానే దేవత అనేస్తాం. శాంతిదేవత రూపంలో ఉన్న చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది పండితుల మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. తండ్రి దేవుడైనప్పుడు తల్లి దేవత రూపంలో కనబడటంలో వింతేముంది?

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఈ రకం నాణేలు ముద్రించిన టంకశాల లుగ్డూనమ్‌లో ఉండేది. ఆ లుగ్డూనమే ఇప్పటి లియాన్! దు షూల్ పుస్తకం అచ్చయిన ఊరు. ఆ పుస్తకానికి 1500 ఏళ్ల ముందే ఆ ఊరి వెండి సముద్రాలు దాటి మన దేశానికి వచ్చేసింది.

మన నేలలో దొరికిన రోమన్ నాణేల మీద పరమేశ్వరీలాల్ గుప్తా ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెలువరించింది. అట్లాంటిదే తెలుగులో, దు షూల్ పుస్తకంలో మాదిరి పేజీపేజీకీ బొమ్మలతో, నల్లగొండ బడిపిల్లల చేతికి రావాలని నా కోరిక.