సైకిలు రిపేరు ఎక్కడ నేర్చుకోవాలి?

సైకిలు తొక్కడం ఇంట్లో ఎవరో ఒకరు నేర్పుతారు. మరి బాగుచేయడం?

హైదరాబాదు లాంటి నగరంలో ఉంటే సైక్లింగ్ క్లబ్బుల వాళ్లను అడగండి. పెద్ద సైకిలు షాపుల్లోనూ అడగండి. శిక్షణ ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు తెలిసే అవకాశం ఎక్కువ. చిన్న ఊరైతే? మీ వీధి చివరి సైకిలు షాపుకు వెళ్లండి. నన్నడిగితే అంతకు మించిన బడి లేదు. పని తక్కువగా ఉన్న వేళ చూసుకుని వెళ్లండి. నేర్పినందుకు డబ్బిస్తానని మేస్త్రీకి ముందే చెప్పండి. ఆయన సమయానికీ విలువుంది.

మొదట పంక్చరు నేర్చుకోండి. గాలి కొట్టిన ట్యూబును నీళ్లలో ముంచండి. బుడగలు వచ్చిన చోటే చిల్లు. అక్కడ బాగా తుడిచి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ అనే జిగురు రాయాలి. అది కాస్త ఆరాకే ప్యాచ్ అతికించాలి. తొందరపడితే ఊడిపోతుంది. ఇంకో మాట. టైరు లోపల జాగ్రత్తగా తడిమి చూడండి. ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబైనా నిలవదు.

తరువాత బ్రేకులు, చైను. చక్రం వంకర తీయడం చివరికి ఉంచండి. దానికి చేయి తిరగాలి.

పక్కన నిలబడి చూస్తే పని రాదు. మీ సైకిలే తీసుకెళ్లండి. మేస్త్రీ ముందే, మీ చేత్తో విప్పి, మీ చేత్తోనే బిగించండి.