నాడీమండలమున మధ్యవర్తులు

ముల్లు గ్రుచ్చుకొనగనే కాలు వెనుకకు తీసికొందుము. జ్ఞాననాడి వార్త కొనిపోయినది, చాలకనాడి ఆజ్ఞ తెచ్చినది అన్నంతమాత్రమున కథ ముగియదు. మోకాలిని ముడుచు కండరము బిగియవలెనన్న, చాచు కండరము ఆ క్షణముననే సడలవలెను. ఈ సడలింపును జరిపించునవి వెన్నుపాములోని సంధాయక నాడీకణములు. వీనిలో కొన్నిటి పని “వలదు” అనుటయే! ఎదిరి కండరము ఇట్లు అణగియుండుటను షెరింగ్టన్ నిరూపించెను. 1932లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ “వలదు”ను చేరవేయు రసాయనములలో ముఖ్యమైనది గ్లైసిన్.

ఈ కణములు మూగవోయినచో ఏమగునో ధనుర్వాతమున చూతుము. గాయమున పుట్టిన విషము చాలకనాడుల వెంట వెన్నుపామునకు ఎగబ్రాకి, అవి గ్లైసిన్‌ను విడువకుండ చేయును. కండరములకు అదుపు తప్పును. దవడ బిగిసికొని, వీపు విల్లువలె వంగును. మన పూర్వులు పెట్టిన పేరు ఎంత సార్థకము! ముష్టిగింజలోని స్ట్రిక్నిన్ చేయు కీడును ఇంచుమించు ఇట్టిదే. అయితే అది గ్లైసిన్ విడుదలను ఆపదు, దానిని అందుకొను ద్వారమును మూయును.

ధనుర్వాత విషము నాడిలో చేరిన పిమ్మట విరుగుడు మందు దానిని అందుకొనజాలదు. గాయముతో వచ్చినవానిని వైద్యుడు మొట్టమొదట టీకా సంగతి అడుగుట ఇందువలననే.