గుద్ది పారిపోయిన బండి – మన బీమా కాగితం
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, కోవూరు)



ఈరోజు డీఏ బకాయిల ఊసెత్తను. పింఛనుకు గండి కొట్టే ఒక ఖర్చు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతోంది. ఇంటి ముందు నిలిపిన కారును రాత్రివేళ ఏ లారీయో గుద్ది పోతుంది. నంబరు చూసినవారుండరు. "ఇన్సూరెన్సు ఉందిగా" అని ధీమాగా కాగితం తీస్తాం. అందులో ఏముందో అప్పుడే మొదటిసారి చదువుతాం.

1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. కంపెనీ ఒక పక్షం, మనం రెండో పక్షం, మన బండి వల్ల నష్టపోయినవారు మూడో పక్షం. ఆ బీమా వారి కోసం. మన కారు సొట్టకు దాని నుంచి పైసా రాదు. గుద్దినవాడి బీమా మనకు ఇవ్వాలి కదా అంటారా? నిజమే, కాని వాడెవడో తెలిస్తే కదా! అందుచేత గుద్ది పారిపోయినప్పుడు మన కారును ఆదుకునేది "ఓన్ డ్యామేజ్" బీమా. రెండూ కలిసినదే కాంప్రహెన్సివ్ పాలసీ. థర్డ్ పార్టీ ఉన్నవారు 2019 సెప్టెంబరు నుంచి ఓన్ డ్యామేజ్‌ను విడిగానూ తీసుకోవచ్చు.

పాలసీ షెడ్యూలులో ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఒకచోట, లయబిలిటీ ప్రీమియం మరొకచోట వేసి ఉంటాయి. మొదటి గడి చూడండి. మన సభ్యులొకరి అల్లుడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. "ఇన్సూరెన్సు ఫుల్లుగా ఉంది" అన్నాడు అమ్మినాయన. నిలిపి ఉన్న కారును ఎవరో గుద్దిపోయాక చూస్తే ఆ గడి ఖాళీ! బిల్లు మామగారి పింఛనులోంచే పోయింది. ఆ గడి నిండి ఉన్నా, పాత కారు కొన్నవారు 14 రోజుల్లో పాలసీని తమ పేరు మీదికి మార్పించుకోవాలి. లేకుంటే ఓన్ డ్యామేజ్ క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

ఓన్ డ్యామేజ్ ఉన్నా బిల్లంతా రాదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగు కింద సగం కోస్తారు. 1500 సీసీ లోపు కారుకు మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. తరుగు కోయకుండా ఉండాలంటే "జీరో డిప్రిసియేషన్" అదనంగా కొనాలి. క్లెయిము లేని ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనసు, ఒక్క క్లెయిముతో పోతుంది. కనుక చిన్న గీతకు క్లెయిము పెట్టేముందు లెక్క వేయండి. విలువ తగ్గిన పాత కారుకు థర్డ్ పార్టీతో సరిపెట్టుకున్నా తప్పులేదు. అది తెలిసి చేసిన నిర్ణయమై ఉండాలి.

దెబ్బ తగిలితే కారును షెడ్డుకు తోలకముందే ఫోటోలు తీయండి, పోలీసులకు రాసివ్వండి, కంపెనీకి తెలపండి.

ఇనుముకు దెబ్బ తగిలితే సరే, మనిషికి తగిలితే? తెల్లవారుజామున నడకకు వెళ్లే మనకు ఇది ముఖ్యం. గుద్దిన బండి ఆచూకీ దొరకకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం ఉంది. అంతకుముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. బాధితుడికి కారు గాని పాలసీ గాని ఉండనక్కర్లేదు. ఎఫ్.ఐ.ఆర్., ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు పాసుబుక్కు నకలుతో రెవెన్యూ విచారణాధికారికి దరఖాస్తు చేయాలి. మంజూరు జిల్లా స్థాయిలో జరుగుతుంది. ఈ సంగతి తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి. మీ వీధిలో ఎవరికైనా అలాంటి కష్టం వస్తే, దరఖాస్తు రాసిపెట్టండి. ఆ పని మనకు కొత్త కాదు.

ఇంటికి వెళ్లగానే పాలసీ తీసి, ఆ మొదటి గడి పిల్లలకు చూపించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.