చీకటి నీటిలో ఓడ అడుగు

భావనపాడు తీరమున ఇసుకమీద బోర్లించిన పడవ ప్రక్కన మేము కొంతసేపు నిలిచితిమి. మత్స్యకారుడొకడు చిన్నకత్తితో దాని అడుగున పట్టిన గుల్లలను గీకుచుండెను. పెద్ద ఓడల అడుగు ఎట్లు చూతురో తెలియునా అని అడుగగా, “ఏటి బాబూ, అంత ఓడని ఒడ్డుకి లాగ్గలరేటి? ఎవుడో ఒకడు మునగాల” అని నవ్వెను.

చిక్కంతయు ఆ ఒక్క మాటలోనే ఉన్నది. ఆ చేరువనే మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19వ తేదీన కొత్త రేవునకు శంకుస్థాపన జరిగినది. రేపు ఆ పెద్ద ఓడలు ఉద్దానమువారి కంటిముందరకే రానున్నవి గనుక ఈ సంగతి నేడు ముచ్చటింతుము.

ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టినచో నీటి రాపిడి హెచ్చి ఇంధనము వృథా యగును. నేలను తాకినచో రేకు సొట్టపడును. యుద్ధకాలమున భయము వేరు: 1941 డిసెంబరు 19 వేకువను ఇటలీ ఈతగాండ్రు అలెగ్జాండ్రియా రేవులో దొంగచాటుగా ప్రవేశించి, ‘క్వీన్ ఎలిజబెత్’, ‘వాలియంట్’ అను బ్రిటిషు యుద్ధనౌకల క్రింద మందుగుండు అమర్చి రెంటిని అక్కడనే కూలవేసిరి. అంతర్జాతీయ నిబంధనల ననుసరించి సరకుల ఓడ అడుగును అయిదేండ్లలో రెండు పర్యాయములైనను పరీక్షింపవలెను. విశాఖపట్టణపు హిందుస్థాన్ షిప్‌యార్డులో ఉన్నట్టి డ్రై డాకునకు చేర్చి నీరు తోడివేసిన సర్వము కనబడును. కాని ఊరకే నిలిచిన ప్రతిదినము ఓడ యజమానికి నష్టమే. కావున గజ ఈతగాని దించుట పరిపాటి.

వంశధారకు వరద వచ్చిన దినములలో సముద్రపు అంచు ఎంత ఎఱ్ఱబారునో కళింగపట్టణమువారు ఎరుగుదురు. అట్టి నీటిలో చాచిన చేయి కనబడదు. ఈతగాడు తల క్రింద పెట్టిన గ్రుడ్డివానివలె రేకును తడవుకొనుచు, అతుకు వెంట అతుకు, వందల అడుగులు పోవలెను. నీరు లాగుకొను తూముల వద్దను, చోదకచక్రము వద్దను, పైవారి మరపు ఒక్కటి చాలును ప్రాణము పోవుటకు.

వెలుగు చొరనిచోట ధ్వని చొచ్చును. 1826లో జెనీవా సరస్సులో నీటి అడుగున గంట మ్రోగించి ధ్వనివేగమును కొలిచిరి. అది సెకనుకు సుమారు 1,500 మీటర్లు. ఉద్దానము ప్రజలకు మిగిలినది బోధింపనక్కరలేదు. మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా పీడించుచున్న ఆ ఊళ్లలో, పొట్టపై పరికరము నానించి తెరమీద బొమ్మ చూచు స్కానింగు ఎరుగని ఇల్లు అరుదు. ఓడ క్రింద పనిచేయు సోనారుదియు అదే మార్గము: చెవికి వినరాని ధ్వనిని పంపి, మరలివచ్చిన ప్రతిధ్వనిని పట్టుట.

అయితే ఏ ధ్వనియైనను బొమ్మ గీయజాలదు. సెకనుకు 5,000 కంపనములు గల ధ్వనికి నీటిలో అల పొడవు 30 సెంటీమీటర్లు. అది చాల దూరము పోవును గాని అరచేయంత వస్తువు రూపును చెప్పలేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలవారు అమెరికా నౌకాదళము కొరకు రూపొందించిన ‘డిడ్‌సన్’ అను సోనారు సెకనుకు 18 లక్షల కంపనముల ధ్వనిని వాడును. దాని అల ఒక మిల్లీమీటరుకంటె పొట్టిది. కెమెరాకు గాజుకటకము ఉన్నట్లు దానికి ధ్వనికటకములు కలవు. 96 సన్నని కిరణములు ఒక్కొక్కటి డిగ్రీలో 10కి 3 వంతుల వెడల్పున సాగును. అనగా 3 మీటర్ల దూరమున ఒకటిన్నర సెంటీమీటరు. ఒండ్రు రేణువు వెలుగు అలకంటె చాల పెద్దది గనుక వెలుగును చెదరగొట్టును; ఈ ధ్వని అలకంటె మిక్కిలి చిన్నది గనుక దీనికి అడ్డురాదు. స్పష్టతకు మూల్యముగా దూరము పోవును: చూపు 12 మీటర్లు దాటదు. 11 లక్షల కంపనములకు తగ్గించినచో 40 మీటర్లవరకు పోవును గాని బొమ్మ మొద్దుబారును.

ఈ బొమ్మను చదువుటయు ఒక విద్యయే. ఏటవాలుగా చూచినపుడు, రేకుమీద పొడుచుకొని యున్న వస్తువు తెల్లగా మెరసి దాని వెనుక నల్లని నీడ పడును. పెక్కుసార్లు వస్తువుకంటె నీడయే రూపును స్పష్టముగా చెప్పును. దూరమును, దిక్కును ఇది ఎరుగును, ఎత్తును ఎరుగదు. కావున అనుమానము కలిగినచోట ప్రక్కకు జరిగి మరల చూడవలెను. గాలిబుడగలు దీనికి బద్ధశత్రువులు.

మా దృష్టిలో దీనిని సర్వరోగనివారిణిగా పొగడుట తప్పు. రంగు పోయినదో లేదో ఇది చెప్పదు. వెంట్రుకవాటు బీటను చూడదు. త్రుప్పు తిన్న రేకు మందమెంతయో కొలుచుటకు కొలపరికరమును రేకునకు ఆనించి పట్టవలసినదే. ఆ పనికి మనిషియో, నీటిలో తిరుగు యంత్రమో దిగవలెను. అయితే ఈతగాడు ఇపుడు ఎక్కడ దిగవలెనో ముందుగా తెలిసి దిగును. గంటల కొలది ఓడ పొడవునను తడవుకొనుచు పోనక్కరలేదు.