కిరండూల్ పెరట్లో క్యారెట్

కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా సుమారు 445 కిలోమీటర్లు వచ్చే రైలుమార్గం కిరండూల్‌లో ఆగుతుంది. అక్కడి బైలడిల్లా ఇనుప గనుల్లో పనికని ఈ దారినే వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది. అలా స్థిరపడ్డ మీ ఇంటి వెనక నాలుగు మడులుంటే, చలికాలంలో ఒకదాంట్లో క్యారెట్ వేయండి.

ఆకు నలిపి చూడండి, కొత్తిమీరకు చుట్టమని వాసనే చెబుతుంది. వాము, జీలకర్ర, సోంపు, నీటి ఒడ్డున పాకే సరస్వతి ఆకు, అన్నీ ఒకే కుటుంబం. యూరప్, పశ్చిమాసియా దారుల పక్కన మొలిచే అడవి క్యారెట్ వేరు తెల్లగా, సన్నగా, నారగా ఉంటుంది. దాన్ని దాదాపు వెయ్యేళ్ల కిందట ఇరాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతాల్లో సాగులోకి తెచ్చారు. అప్పటి దుంపలు ఊదా, పసుపు రంగువి. నారింజ రంగుది తర్వాత యూరప్‌లో స్థిరపడింది.

మన కిరండూల్ ఎర్రమట్టిలో గులకరాళ్లు ఏరడమే అసలు పని. రాయి తగిలితే వేరు రెండు కాళ్లుగా చీలుతుంది. నారు పోయకండి, విత్తనాన్ని ఇసుకలో కలిపి నేరుగా సాళ్లలో చల్లండి. మొలకెత్తాక మొక్కల మధ్య చేతివేళ్లు పట్టేంత సందు వదిలి మిగతావి పీకేయండి. దుంప భుజం పైకి తేలితే మట్టి ఎగదోయండి, ఎండ తగిలితే పచ్చబడుతుంది. దాదాపు 90 రోజులకు దుంపలు చేతికొస్తాయి.

వండేటప్పుడు చెంచాడు నూనె తప్పనిసరి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ కొవ్వుతోనే ఒంటికి పడుతుంది, విటమిన్ ఎ అవుతుంది. కొబ్బరికోరుతో వేపుడు చేస్తే పిల్లలు ఇష్టంగా తింటారు.